మన ఇంటికి తగిన కుక్క ఏది?

పోయిన వేసవి సెలవుల్లో ఒకనాటి సాయంకాలం మా మనవరాలు నా పడకకుర్చీ దగ్గరకు వచ్చి, "తాతయ్యా! నాకు హస్కీ కుక్కపిల్ల కావాలి," అన్నది.

ఆ పిల్ల ఆరో తరగతి పూర్తిచేసింది. ఎక్కడో విదేశాల్లో జరిగే కుక్కల ఆటల పోటీలు ఫోనులో చూసిందట. ఆ పోటీల్లో కుక్కలు అడ్డుకర్రల మీదుగా గెంతుతాయి. పొడుగాటి గొట్టంలో ఇటు దూరి అటు తేలుతాయి. వరసగా పాతిన కర్రల మధ్య పాములాగా మెలికలు తిరుగుతూ పరిగెత్తుతాయి. పక్కనే యజమాని కూడా పరిగెత్తుతూ చేత్తో సైగలు చేస్తూ ఉంటాడు.

"మన కుక్క కూడా అట్లా ఆడాలి. ఆట అయ్యాక ఇంట్లో బుద్ధిగా ఉండాలి. తమ్ముణ్ణి కరవకూడదు. నాయనమ్మ ఆరేసిన బట్టలు లాగకూడదు," అని నాలుగు షరతులు కూడా చెప్పింది.

అక్కడే కూర్చున్న మావాడు, అంటే ఆ పిల్ల తండ్రి, "మనకు కుక్కా వద్దు, ఏమీ వద్దు," అని ఒక్కమాట అని లేచి వెళ్లిపోయాడు. వాడు ఎందుకట్లా అన్నాడో నాకు తెలుసు. ఆ సంగతి తరవాత చెబుతాను.

నేను ముప్పయినాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. మంచి ప్రశ్న వేసిన పిల్లకు జవాబు చేతిలో పెట్టకూడదు, జవాబుకు దారి చూపాలి. అందుచేత, "సరేనమ్మా. ముందు ఆ హస్కీ తాతముత్తాతలు ఏం పని చేసేవో కనుక్కుని రా," అన్నాను.

"కుక్కకు తాతముత్తాతలేమిటి తాతయ్యా!" అని అది నవ్వింది. నవ్వింది కాని, కనుక్కుని వచ్చింది.

పిల్లలూ! మీరు కూడా కుక్కను పెంచాలనుకుంటున్నారా? అయితే మీరూ ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.

తాతలనాటి పని

కుక్కలన్నీ తోడేలు వంశంలోనుంచి వచ్చినవే. కనీసం 15 వేల ఏళ్లుగా కుక్క మనిషి వెంట ఉంటున్నది. వేటగాడు బాగా పరిగెత్తే కుక్కలను ఏరి, వాటి పిల్లలను పెంచుకున్నాడు. గొర్రెల కాపరి మందను మళ్లించగల కుక్కలను ఏరుకున్నాడు. కాపలా కావలసినవాడు కొత్తవాళ్లను చూసి మొరిగేవాటిని ఉంచుకున్నాడు. ఇట్లా తరతరాలుగా ఏరగా ఏరగా వేరువేరు జాతులు ఏర్పడ్డాయి. ఇప్పుడు చాలా కుక్కలకు ఆ పనులు లేవు. పని పోయింది గాని, ఆ బుద్ధి మాత్రం రక్తంలో ఉండిపోయింది.

హస్కీ సంగతి చూడండి. సైబీరియాలో చుక్చీ అనే జాతివారు మంచుమీద బండ్లు లాగడానికి దీన్ని పెంచారు. అక్కణ్ణుంచి ఇది అలాస్కా చేరింది. 1925 జనవరిలో అలాస్కాలోని నోమ్ అనే ఊళ్లో పిల్లలకు కంఠసర్పి అనే డిఫ్తీరియా జబ్బు వచ్చింది. మందు చాలా దూరాన ఉన్నది. రైలు కొంతదూరమే వస్తుంది. ఆ తరవాత అంతా మంచు. ఇరవైమంది బండ్లవాళ్లు, సుమారు 150 కుక్కలు, ఒకరి తరవాత ఒకరు మందును అందుకుంటూ 674 మైళ్లు, అంటే దాదాపు 1,085 కిలోమీటర్లు ప్రయాణం చేశారు. ఆరు రోజులు తిరక్కుండానే మందు నోమ్ చేరింది! చివరి మజిలీలో బండిని నడిపిన కుక్క పేరు బాల్టో. దాని విగ్రహం న్యూయార్కులో సెంట్రల్ పార్కులో ఉన్నది. అన్నిటికన్నా ఎక్కువ దూరం లాగిన జట్టుకు ముందున్నది టోగో అనే కుక్క.

"చూశావా తాతయ్యా, ఎంత గొప్ప కుక్కో!" అన్నది మా మనవరాలు.

"గొప్పదేనమ్మా. కాని అది గొప్పదైంది మంచులో. మనం ఉన్నది బెజవాడలో," అన్నాను.

మన ఊరిని హాస్యానికి ‘బ్లేజువాడ’ అంటారని మీకు తెలుసుగదా! మే నెలలో ఎండ 45 డిగ్రీలదాకా పోయే రోజులుంటాయి. హస్కీకి రెండు పొరల బొచ్చు. ఎండాకాలంలో మనం ఉన్నికోటు తొడుక్కుని, దానిమీద రగ్గు కప్పుకుని కూర్చుంటే ఎట్లా ఉంటుందో ఊహించండి!

కుక్క ఎందుకు రొప్పుతుంది?

ఉక్కపోసినప్పుడు మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది. ఆ చెమట ఆవిరి అవుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. కుక్కకు చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్లలోనే, అదీ కొద్దిగా. అందుచేత అది నాలుక బయటపెట్టి రొప్పుతుంది. నోటిలోనూ ముక్కులోనూ ఉన్న తడి ఆవిరి అయి, ఒళ్లు చల్లబడుతుంది.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ముసురు పట్టిన రోజున ఆరేసిన గుడ్డలు తొందరగా ఆరతాయా? ఆరవు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది గనక, గుడ్డలోని తేమను గాలి తీసుకోలేదు. మన కృష్ణా డెల్టా అంతా కాలవలు, వరిచేలు, చెరువులు. పక్కనే సముద్రం. మన గాలిలో తేమ ఎక్కువ. అందుచేత ఇక్కడ కుక్క ఎంత రొప్పినా త్వరగా చల్లబడదు. అదే పొడిగాలి వీచే చోట అయితే ఇంత బాధ ఉండదు.

పగ్ వంటి చప్పిడిముక్కు కుక్కలకు ఇంకా కష్టం. వాటి ముక్కు పొట్టిది, గాలి ఆడే దారి ఇరుకు. సుమారు ఇరవై ఏళ్ల కిందట ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో పగ్ కనబడేసరికి దేశమంతటా దానికోసం ఎగబడ్డారు. ముద్దుగా ఉంటుంది, నిజమే. కాని మధ్యాహ్నపుటెండలో దాన్ని పరిగెత్తించడం దాని ప్రాణానికే అపాయం.

కనక మొదటి సూత్రం: బొమ్మ చూసి కుక్కను తెచ్చుకోకూడదు. ముందు మన ఎండ చూడాలి.

ఆటలో మేటి

ఇక ఆట సంగతి. మా మనవరాలు చూసిన ఆటను ఎజిలిటీ అంటారు. చురుకుదనం అన్నమాట. ఇది 1978లో లండనులో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో మొదలయింది. ప్రదర్శన మధ్య విరామంలో జనం విసుక్కోకుండా ఏదైనా వినోదం కావలసివచ్చింది. గుర్రాలు అడ్డుకంచెలు దూకే పందెం ఉన్నదిగదా, దాన్ని చూసి కుక్కలకు అటువంటిదే తయారుచేశారు. జనం మెచ్చుకున్నారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆడుతున్నారు.

ఈ ఆటలో యజమాని కుక్కను ముట్టుకోకూడదు. మాటతోనూ సైగతోనూ మాత్రమే నడిపించాలి. కర్ర పడితే తప్పు. గడువు దాటితే తప్పు. కుక్క ఎత్తును బట్టి అడ్డుకర్ర ఎత్తు మారుస్తారు గనక, చిన్న కుక్కలు కూడా ఆడవచ్చు. ఇంగ్లండులో ఈ ఆటకు జాతికుక్కే కానక్కరలేదు. ఏ జాతీ తెలియని కుక్క అయినా సరే, వచ్చి ఆడవచ్చు.

ఈ ఆటలో మేటి బోర్డర్ కోలీ. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండల్లో గొర్రెలు కాసిన కుక్క ఇది. 1873లోనే వేల్సులో బాలా అనే ఊళ్లో గొర్రెలకుక్కల పోటీ పెట్టారు. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీకి ఒక ప్రొఫెసరుగారు 1,022 ఆటవస్తువుల పేర్లు నేర్పారు. పేరు చెబితే ఆ వస్తువునే వెతికి తెచ్చేదట. ఈ సంగతి 2011లో శాస్త్ర పత్రికలో ప్రచురించారు.

"అయితే హస్కీ వద్దు, కోలీ తెద్దాం!" అన్నది మా మనవరాలు.

"నువ్వు పొద్దున ఎనిమిదింటికి బడికి పోతావు. సాయంత్రం అయిదింటికి వస్తావు. ఆ తొమ్మిది గంటలూ అది ఏం చెయ్యాలి?" అని అడిగాను.

పొద్దస్తమానం కొండల్లో గొర్రెలను మళ్లించే బుద్ధి దానిది. మూడు గదుల ఇంట్లో గొర్రెలు దొరకవు. అప్పుడది పరిగెత్తే పిల్లలను మళ్లించడం మొదలుపెడుతుంది, సైకిళ్లకు అడ్డంపోతుంది. తెలివైన కుక్కకు పని లేకపోతే, తెలివైన పిల్లవాడికి పని లేనట్టే. అల్లరి తనంతట తానే వెతుక్కుంటుంది.

నేను చేసిన తప్పు

ఇప్పుడు మావాడి సంగతి చెబుతాను.

సుమారు ముప్పయి ఏళ్ల కిందట వాడు అయిదో తరగతిలో మొదటివాడుగా వచ్చాడు. నాకు సంతోషం పట్టక ఒక అల్సేషియన్ పిల్లను కొని తెచ్చాను. దానికి టైగర్ అని పేరు పెట్టాడు. మేము అప్పుడు సత్యనారాయణపురంలో ఒక చిన్న వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. నేను బడికి, మావాడు బడికి, వాళ్ల అమ్మ ఉద్యోగానికి. టైగరు గొలుసుకు.

ఆరు నెలలయ్యేసరికి అది పొద్దంతా మొరగసాగింది. తీగమీద బట్టలు చింపింది. తులసికోట పక్కన గొయ్యి తవ్వింది. ఇరుగుపొరుగులు నిష్ఠూరమాడారు. నేను బెత్తం తీసుకుని రెండుమూడుసార్లు దాన్ని కొట్టాను కూడా. చివరకు నూజివీడు దగ్గర మామిడితోట ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు.

రెండు నెలల తరవాత తోటకు వెళ్లాం. టైగరు గొలుసు లేకుండా తోటమాలి వెంట తిరుగుతున్నది. "ఆగు" అంటే ఆగుతున్నది, "రా" అంటే వస్తున్నది. మమ్మల్ని చూసి పరిగెత్తుకు వచ్చి మావాడి చెయ్యి నాకింది. తరవాత మళ్లీ తోటమాలి దగ్గరకు పోయింది. తిరుగుబస్సులో మావాడు నన్ను ఒకటే అడిగాడు: "నాన్నా! అక్కడ మంచిదైన టైగరు మన ఇంట్లో ఎందుకు చెడ్డదైంది?"

పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పడమే నా ఉద్యోగం. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

భారతంలో సరమ కథ మీకు తెలుసునా? జనమేజయుడు యాగం చేస్తుంటే దేవలోకపు కుక్క సరమ కొడుకు అక్కడికి వచ్చి ఆడుకుంటుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. ఎవరూ జవాబు చెప్పలేకపోతారు. ఆ కథ నేను ఎన్నోసార్లు తరగతిలో చెప్పాను. నేనే ఆ తమ్ముళ్లలో ఒకణ్ణి అవుతానని మాత్రం అనుకోలేదు. అల్సేషియన్ కూడా జర్మనీలో గొర్రెలు కాసిన వంశమే. దాని తాతల పనేమిటో నేను తెలుసుకోలేదు. తప్పు కుక్కది కాదు, నాది.

మన దగ్గరి కుక్కలు

అయితే మన ఎండకు తట్టుకుని, ఆటకు పనికివచ్చి, ఇంట్లో కలిసిపోయే కుక్క లేదా?

లాబ్రడార్ చాలామందికి తెలుసు. దీని పూర్వులు కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దీవిలో జాలరులకు సాయపడేవి. వల జారిన చేపలను నీళ్లలో దూకి పట్టితెచ్చేవి. అందుకే దీనికి బంతి తెచ్చి ఇవ్వడమంటే మహా ఇష్టం. పిల్లలతో స్నేహంగా ఉంటుంది. కాని తిండిపోతు. పరుగు లేకపోతే పీపాలాగా లావెక్కి కీళ్లనొప్పులు తెచ్చుకుంటుంది. ఎండలో జాగ్రత్తగా చూడాలి.

తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకలో ముధోల్ వేటకుక్కలు ఉన్నాయి. 2005లో మన తపాలాశాఖ రాజపాళయం, ముధోల్, రాంపూర్ జాగిలాలకూ హిమాలయాల గొర్రెలకుక్కకూ తపాలాబిళ్లలు వేసింది. 2024లో లక్నోలో పోలీసు జాగిలాల పోటీలు జరిగితే, సరిహద్దు భద్రతాదళంవారి రియా అనే ముధోల్ జాగిలం విదేశీ కుక్కలను ఓడించి మొదటి బహుమతి తెచ్చుకున్నది. ఇవి గాలిలాగా పరిగెడతాయి. కాని పరిగెత్తే పిల్లి కంటబడితే పిలిచినా వినవు. పెద్ద ఆవరణ, గట్టి గోడ ఉన్నవారికే ఇవి తగినవి.

మన డెల్టాకు సొంతమైన కుక్క ఒకటి ఉన్నది. దాని పేరు జోనంగి. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. కృష్ణా గోదావరుల మధ్య కొల్లేరు చుట్టుపట్ల ఇది పుట్టి పెరిగింది. దీని బొచ్చు ఎంత పొట్టిదంటే, అసలు ఉన్నదా అనిపిస్తుంది. నుదుట ముడతలు పడి, ఎప్పుడూ లెక్కలు చేస్తున్నట్టు కనబడుతుంది! గోతులు తవ్వడంలో దిట్ట. మిగతా కుక్కల్లాగా మొరగక, రాగం తీసినట్టు కూస్తుంది.

కోతలయ్యాక మన పొలాల్లోకి బాతులమందలు దిగడం మీలో కొందరు చూసే ఉంటారు. రాలిన గింజలూ నత్తలూ తింటూ మంద ఒక మడినుంచి మరో మడికి సాగిపోతుంది. కొల్లేటి రైతులు అటువంటి బాతులను మళ్లించడానికి జోనంగిని ఉపయోగించేవారు. మెత్తని బాతును కరవకుండా మళ్లించడమంటే మాటలా? చురుకుదనమూ ఉండాలి, నిగ్రహమూ ఉండాలి. తరవాత కొల్లేటిలో చేపల చెరువులు పెరిగాయి. బాతుల పెంపకం తగ్గింది. జోనంగికి పని పోయింది. అవి కూడా తగ్గిపోయాయి. ఇప్పుడు కొందరు వాటిని వెతికి, జాతి చెడకుండా పెంచుతున్నారు. మన ఇంటి ముందటి మొక్కను మనమే గుర్తించలేదన్నమాట.

ఇక చివరిది, అందరూ చిన్నచూపు చూసేది, ఊరకుక్క. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, తేలిక ఒళ్లు. ఎజిలిటీకి ఇంతకన్నా ఏం కావాలి? మన ఎండలోనే వేల ఏళ్లుగా బతికి నిలిచింది. పిల్లగా ఉన్నప్పుడే, అంటే మూడు నెలలు దాటకముందే, మనుషులతోనూ చప్పుళ్లతోనూ పరిచయం చేస్తే చక్కగా మచ్చికవుతుంది.

ఇంటిల్లిపాదీ వేసుకోవలసిన ప్రశ్నలు

మా మనవరాలికి నేను అయిదు ప్రశ్నలు రాసి ఇచ్చాను. మీరూ మీ అమ్మానాన్నలతో కూర్చుని వీటికి జవాబులు రాయండి.

1. కుక్క పది పన్నెండేళ్లు బతుకుతుంది. నేను కాలేజీకి వెళ్లాక దాన్ని ఎవరు చూస్తారు?

2. రోజూ పొద్దున తెల్లవారకముందు, సాయంత్రం చల్లబడ్డాక, దాన్ని ఎవరు తిప్పుతారు?

3. పగలు ఇంట్లో ఎవరుంటారు? నీడ, నీళ్లు, గాలి ఉన్న చోటు ఏది?

4. తిండికీ, టీకాలకూ, వైద్యానికీ నెలకు ఎంత అవుతుంది?

5. అది ఆటలో ఎప్పుడూ గెలవకపోయినా మనకు సరేనా?

అయిదో ప్రశ్న దగ్గర అది చాలాసేపు ఆలోచించింది. చివరకు "సరే" అని రాసింది. ఆ కాగితం తీసుకువెళ్లి వాళ్ల నాన్నకు ఇచ్చింది. మావాడు రెండుసార్లు చదివాడు. మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు సాయంత్రం మా వీధి చివర పాలదుకాణం వెనక ఈనిన ఊరకుక్క దగ్గరకు పిల్లను వాడే తీసుకువెళ్లాడు.

రెండు నెలల పిల్ల. చప్పట్లు కొడితే మిగతావి దాక్కున్నాయి. ఇది మాత్రం బెదిరి, మళ్లీ తిరిగివచ్చి చూసింది. దాన్నే తెచ్చారు. పశువైద్యుడు నులిపురుగులకు మందిచ్చి, టీకాలు మొదలుపెట్టాడు. మూడో నెలలో పిచ్చికుక్క కాటు జబ్బుకు టీకా వేశాడు. ఆ టీకా తరవాత కూడా ఆయన చెప్పిన గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. ఇంకొకమాట పిల్లలూ! ఏ కుక్క కరిచినా, గీరినా, దాచకండి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడిగి, పెద్దలతో డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

ఆటసామాను కొనలేదు. రెండు పీటల మీద వెదురుకర్ర, పాత సైకిలు టైరు, నాయనమ్మ పాతచీరతో కుట్టిన గొట్టం, అంతే. ఏడాది నిండేదాకా ఎముకలు గట్టిపడవు గనక, కర్ర నేలమీద జానెడు ఎత్తే. చెప్పినట్టు చేస్తే ఒక ముక్క ఉడికించిన కోడిమాంసం. చెయ్యకపోతే ఏమీ లేదు. బెత్తం అసలే లేదు. బయటికి తీసుకుపోయేముందు మా మనవరాలు రోడ్డుమీద తన అరచెయ్యి వెనకభాగం ఆనించి, ఏడు లెక్కపెడుతుంది. చెయ్యి కాలితే కుక్క కాళ్లూ కాలుతాయి. అప్పుడు ఆ పూట ఆట లేదు.

మొన్న ఆదివారం అది కర్ర దాటింది. టైరులోనుంచి దూకింది. చీరగొట్టంలోకి దూరింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వంగి చూస్తే మధ్యలో పడుకుని నిద్రపోతున్నది! మా మనవరాలు పకపకా నవ్వింది.

మావాడు గొట్టం దగ్గర చతికిలబడి కూర్చుని, లోపలికి చెయ్యి చాచాడు. అది నిద్రలోనే వాడి చెయ్యి నాకింది. "దీనికి పేరేం పెడదాం నాన్నా?" అని కూతురు అడిగింది. వాడు నావైపు చూసి, "టైగర్," అన్నాడు.